సెక్షన్ పక్కన చిన్న అంకె

ఎఫ్‌ఐఆర్ కాపీ చేతికి రాగానే ఎవరైనా మొదట వెతుక్కునేది తమ పేరు. ఆ తర్వాత, ఎన్ని లక్షలు రాశారన్నది. పేరు ఉంటుందని మీకు ముందే తెలుసు. లక్షలు విచారణలో ఎలాగూ పెరుగుతాయి, తరుగుతాయి. రాబోయే మూడు నెలలు మీకు ఎలా గడుస్తాయో చెప్పేది వాటికంటే చిన్నది, సెక్షన్ నంబరు పక్కన బ్రాకెట్లో ఉండే అంకె. భారతీయ న్యాయ సంహిత 316(4) అని ఉందా, 316(5) అని ఉందా?

రెండూ నమ్మకద్రోహం కిందికొచ్చే నేరాలే. జీతానికి పనిచేసే గుమాస్తా, నౌకరు తనకు అప్పగించిన సొమ్మును కాజేస్తే నాలుగు. శిక్ష గరిష్ఠంగా ఏడేళ్లు. ప్రభుత్వోద్యోగి, బ్యాంకరు, వర్తకుడు, బ్రోకరు, ఏజెంటు ఆ హోదాలో అదే పని చేస్తే ఐదు. పదేళ్ల దాకా, లేదా యావజ్జీవం. సొమ్ము పోయిందంటున్న తేదీలు 2024 జూలై 1కి ముందువైతే ఐపీసీ పాత నంబర్లు కనిపిస్తాయి. 408 అంటే ఇప్పటి నాలుగు, 409 అంటే ఇప్పటి ఐదు. తేదీలు అటూ ఇటూ సాగిన కేసుల్లో పాతవీ కొత్తవీ కలిసి కూడా ఉంటాయి.

ఈ ఒక్క అంకెతో ఏమేం మారతాయో చూడండి. ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరాల్లో పోలీసులు ఎత్తుకుపోయినట్టు అరెస్టు చేయకూడదు. అరెస్టు ఎందుకు అవసరమో కారణాలు రాయాలి, అవసరం లేకుంటే నోటీసిచ్చి పిలవాలి. 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పిన మాట ఇది. అప్పట్లో 41ఏ నోటీసు అనేవాళ్లు, ఇప్పుడు నాగరిక సురక్షా సంహితలో 35(3). యావజ్జీవం దాకా పోయే ఐదుకు ఆ రక్షణ అంత తేలిగ్గా రాదు. అరెస్టయ్యాక పోలీసులు చార్జిషీటు వేయలేకపోతే నాలుగులో 60 రోజులకు బెయిలు హక్కుగా వస్తుంది, ఐదులో 90 రోజులకు. నాలుగును కోర్టు అనుమతితో కంపెనీతో రాజీ చేసుకోవచ్చు, లోక్ అదాలత్‌లో ముగించుకోవచ్చు. ఐదు రాజీకి వీలైన నేరాల పట్టికలోనే లేదు. కంపెనీ ఒప్పుకున్నా సరే, హైకోర్టుకు పోయి కేసు కొట్టేయమని అడుక్కోవాల్సిందే.

అందుకే లాయరు ముందు కూర్చోగానే అడగాల్సిన మొదటి ప్రశ్న, "నాకు ఐదు ఎందుకు పెట్టారు సార్?" అని. బ్యాంకు ఉద్యోగులకూ ప్రభుత్వ సొమ్ము చూసేవాళ్లకూ ఐదు పెట్టడం మామూలే. ప్రైవేటు ఫైనాన్సులో, రైసు మిల్లులో, ఎరువుల డీలరు దగ్గర నెల జీతం తీసుకునేవాడికి కూడా "కలెక్షన్ ఏజెంటు" అన్న ఒక్క మాట పట్టుకుని ఐదు తగిలిస్తుంటారు. అప్పుడు నియామక పత్రం, జీతం స్లిప్పులు, పీఎఫ్ నంబరు పనికొస్తాయి. ఇతను కమీషన్ ఏజెంటు కాదు, జీతగాడు అని చూపించేవి అవే.

ఆడిట్‌కీ ఎఫ్‌ఐఆర్‌కీ మధ్య

ఆళ్లగడ్డలో ఒక మైక్రోఫైనాన్స్ బ్రాంచిలో పనిచేసే కుర్రవాణ్ని ఊహించుకుందాం. బండి మీద రుద్రవరం, చాగలమర్రి వైపు పల్లెలు తిరిగి గ్రూపు మహిళల దగ్గర వారం వారం కంతులు వసూలు చేస్తాడు. ఒక వారం ఇద్దరు డబ్బు తేలేదు. కలెక్షన్ నూటికి నూరు చూపించాలని పైనుంచి ఒత్తిడి. ఇంకో గ్రూపులో ఎవరో ముందుగా కట్టిన డబ్బును తెచ్చి ఇక్కడ నింపాడు. దాన్ని "అడ్జస్ట్‌మెంట్" అంటారు, బ్రాంచిలో అందరూ ఎరిగిందే. మరుసటి వారం ఆ గ్రూపు గుంత పూడ్చడానికి మూడో గ్రూపు డబ్బు. ఆరు నెలలకు ఆడిట్ వాళ్లొచ్చి ఇంటింటికీ తిరిగి, మహిళల దగ్గరున్న కార్డుల్లోని సంతకాలను కంప్యూటర్ లెక్కతో పోల్చి చూస్తే నాలుగు లక్షల చిల్లర తేడా తేలింది. ఇందులో ఒక్క రూపాయి కూడా అతని ఇంటికి పోలేదేమో. కొంత పోయిందేమో కూడా. ఎక్కడా రాసిపెట్టుకోలేదు కాబట్టి ఆ సంగతి అతనికే సరిగా తెలియదు.

మనవాళ్లు ముందస్తు బెయిలు గురించి ఆలోచించడం మొదలుపెట్టేది ఎఫ్‌ఐఆర్ అయ్యాక. నన్నడిగితే కేసు సగం పాడయ్యేది అంతకు ముందే, షట్టరు సగం దించిన బ్రాంచిలో, ఆడిట్‌లో తేడా తేలిన సాయంత్రం. ఏరియా మేనేజరు తెల్ల కాగితం ముందు పెడతాడు. "ఏం గాదులే, రాసియ్యి. పైవాళ్లకు చూపించి నేనే సర్దుతా" అంటాడు. తనే చెప్పి రాయిస్తాడు: సంస్థ సొమ్ము ఇన్ని లక్షలు నా సొంత అవసరాలకు వాడుకున్నాను, నెలలోగా కడతాను. ఆ కాగితంతోపాటు రెండు ఖాళీ చెక్కులు. రెవెన్యూ స్టాంపు అంటించిన ప్రాంసరీ నోటు మీద, ఊరి నుంచి పిలిపించిన నాన్న సంతకం.

భయపెట్టో ఆశపెట్టో రాయించుకున్న ఒప్పుకోలు చెల్లదని సాక్ష్య అధినియమంలో 22వ సెక్షన్ ఉంది, నిజమే. కానీ అది సాక్షులను విచారించే రోజుల్లో పనికొచ్చే వాదన. బెయిలు రోజున జడ్జి ముందుండేది మీ చేతిరాత. ఖాళీ చెక్కు సంగతి ఇంకా ఘోరం. సంతకం మీదేనని తేలితే, అప్పు లేదని నిరూపించుకునే బరువు మీ మీదే పడుతుందని, అంకెలు ఎవరు నింపినా సరేనని, బీర్ సింగ్ కేసులో 2019లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఒక కేసు తప్పించుకోబోయి చెక్కు బౌన్సు రూపంలో ఇంకో కేసు తెచ్చుకున్నట్టు.

మరి ఏం రాయాలి? రాయక తప్పని పరిస్థితైతే జరిగిందే రాయండి. ఫలానా తేదీన ఆడిట్ జరిగింది, ఫలానా సెంటర్లలో ఇంత తేడా ఉందని నాకు చెప్పారు, కలెక్షన్ షీట్ల నకళ్లు ఇస్తే చూసుకుని సమాధానం ఇస్తాను. "వాడుకున్నాను" అన్న మాట మీ అంతట మీరు రాయొద్దు. బలవంతంగా రాయించుకునే ఉంటే మర్నాడే కంపెనీ హెడ్డాఫీసుకు మెయిల్ పెట్టండి, స్పీడ్ పోస్టులో కూడా పంపండి: నిన్న సాయంత్రం ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల దాకా నన్ను కూర్చోబెట్టి ఫలానా కాగితాల మీద సంతకాలు తీసుకున్నారు, చెక్కుల నంబర్లు ఇవి. ఆరు నెలల తర్వాత లాయరు ఎంత గొంతు చించుకున్నా, మర్నాటి తేదీతో ఉన్న ఆ పోస్టాఫీసు రసీదుకు సాటిరాదు.

లాగిన్ సంగతి కూడా ఇప్పుడే గుర్తు తెచ్చుకోండి. చిన్న బ్రాంచిల్లో ఒకరి పాస్‌వర్డ్ నలుగురికి తెలుస్తుంది. మీరు సెలవులో ఉన్న రోజున మీ ఐడీ మీద ఎంట్రీలు పడి ఉంటే, హాజరు పట్టీ, ఆ రోజు బస్సు టికెట్టు, ఆస్పత్రి చీటీ, ఏదైనా సరే తీసి దాచండి. అలాగని కోపంలో కంపెనీ కంప్యూటర్లోంచి ఖాతాదారుల వివరాలన్నీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకోవద్దు. ఐటీ చట్టం కింద అదొక కొత్త తలనొప్పి. మీకు కావాల్సిన రికార్డు ఏదో పేరుపేరునా రాసి కంపెనీని అడగండి. ఇవ్వకపోతే, అడిగినా ఇవ్వలేదన్నదే కోర్టులో చెప్పుకునే మాటవుతుంది.

"పైవాళ్లు చెప్తేనే చేశాను" అన్న మాట మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోకండి. సత్యం కంప్యూటర్స్ కేసులో 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక కోర్టు పది మందికి ఏడేళ్ల శిక్ష వేసింది. రామలింగరాజు, ఆయన సోదరుల పక్కన ఆ కంపెనీలో జీతానికి పనిచేసిన ఉద్యోగులూ అందులో ఉన్నారు. వాళ్లు అప్పీలుకు వెళ్లారు, అది వేరే కథ. పైవాళ్లు చెప్పారనడానికి మెసేజీ, మెయిలు, వాయిస్ రికార్డు ఏదైనా ఉంటే ఆ మాటకు విలువ. లేకపోతే అందరూ చెప్పే మాటే మీరూ చెప్పినట్టు.

"కొన్నాళ్లు యాడికన్నా పోరా"

ఇంట్లో ఎవరో ఒకరు ఈ సలహా ఇస్తారు. ఎక్కువగా మేనమామలు. హైదరాబాదో బెంగళూరో పోయి నాలుగు నెలలు ఫోన్ ఆపేస్తే అదే చల్లబడుతుందని. చల్లబడదు. నాలుగో నంబరు కేసులో మీకున్న పెద్ద రక్షణ 35(3) నోటీసు. ఆ నోటీసుకు హాజరవుతున్నంత కాలం, కారణం రాయకుండా అరెస్టు చేయడానికి వీల్లేదు. హాజరు కాకపోతే ఆ గొడుగు మీరే మడిచి పక్కన పెట్టినట్టు. ఇంకా ఆలస్యమైతే పరారీలో ఉన్నాడని వారెంటు, ఆపైన కోర్టు ప్రకటన. ప్రకటిత నేరస్తుడికి ముందస్తు బెయిలు మామూలుగా ఇవ్వకూడదని 2012లో లవేష్ కేసు తీర్పు. మీ చేతిలో ఉన్న మంచి లెక్క, మంచి లాయరు, అన్నీ వృథా.

స్టేషన్ నుంచి ఫోన్ చేసి "ఒకసారి వచ్చి కనపడిపో" అంటే నోటీసు కాగితం అడగండి, మర్యాదగానే. వాట్సాప్‌లో పంపిన నోటీసు సరిపోదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సాకుతో ఊరుకోమని కాదు. వాట్సాప్‌లో వచ్చినా లాయరుకు చూపించి, వస్తానని తేదీతో సహా జవాబివ్వండి. వాదన తర్వాత, హాజరు ముందు.

ఇలాంటి రోజుల్లోనే పెద్దమనుషుల పంచాయితీ కూడా మొదలవుతుంది. మన ప్రాంతంలో అది తప్పదు, దాన్ని తీసిపారేయను కూడా. నాలుగో నంబరు కేసులు నిజంగా ముగిసేది చాలాసార్లు అక్కడే. కాకపోతే అక్కడ కుదిరిన మాట లాయరు చూసిన కాగితం మీద ఉండాలి. కట్టే డబ్బు బ్యాంకు ద్వారా కట్టాలి, రసీదు తీసుకోవాలి. మొదట ఇచ్చిన ఖాళీ చెక్కులు, నోటు వెనక్కి తీసుకోకుండా ఒక్క పైసా కట్టకండి.

పిటిషన్

ఆళ్లగడ్డ మేజిస్ట్రేటు కోర్టుకు ముందస్తు బెయిలిచ్చే అధికారం లేదు. ఆ అధికారం సెషన్స్ కోర్టుకూ హైకోర్టుకూ మాత్రమే, నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 482 కింద. పాత చట్టంలో ఇది 438. అప్పట్లో 482 అంటే కేసు కొట్టేయమని హైకోర్టును అడిగే సెక్షన్. ఇప్పటికీ సీనియర్ లాయర్లు కూడా నాలిక కరుచుకుంటుంటారు, కాబట్టి వకాలత్ మీద సంతకం పెట్టే ముందు ఏ పిటిషన్ వేస్తున్నారో అడగండి. నంద్యాలలో అదనపు జిల్లా, సెషన్స్ కోర్టు ఉంది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల వేరే జిల్లా అయినంత మాత్రాన, కలెక్టరేటుతోపాటు కోర్టుల పరిధి కూడా మారిందనుకోవద్దు. మీ స్టేషన్‌లో నమోదైన కేసు నంద్యాలలో వేయాలా, కర్నూలులోనా అన్నది లాయరు తేలుస్తారు. సెషన్స్‌లో కొట్టేస్తే అమరావతిలో నేలపాడులోని హైకోర్టు. నేరుగా హైకోర్టుకూ పోవచ్చు గానీ, దగ్గర్లో ఉన్న మెట్టు ఎక్కకుండా దూరపు మెట్టుకు ఎగరడం ఖర్చే. హైకోర్టులో పిటిషన్ వేయడానికి మీరు నంద్యాలలో రైలెక్కి గుంటూరు దాకా పోయి కూర్చోనక్కర్లేదు. సంతకాలు పంపితే చాలు.

ఎఫ్‌ఐఆర్ కాకముందే పిటిషన్ వేయొచ్చా? వేయొచ్చు. ఐదుగురు జడ్జీల ధర్మాసనం 1980లో గుర్‌బక్ష్ సింగ్ సిబ్బియా కేసులో చెప్పింది అదే. అయితే ఉత్త భయం చాలదు. కంపెనీ ఇచ్చిన షోకాజు, తొలగింపు ఉత్తర్వు, "రేపు స్టేషన్లో కంప్లయింట్ ఇస్తాం" అన్న మెసేజీ, ఏదో ఒక ఆధారం జతపరచాలి. ఎఫ్‌ఐఆర్ అయిందో లేదో తెలియకపోతే పోలీసు శాఖ వెబ్‌సైటు చూడండి. సున్నితమైనవి తప్ప మిగతావి 24 గంటల్లో పెట్టాలన్నది 2016 నుంచి సుప్రీంకోర్టు ఆదేశం.

పిటిషన్ వేసినంత మాత్రాన రక్షణ రాదు, ఇది చాలామందికి తెలియదు. వేసిన రోజుకూ ఉత్తర్వు రోజుకూ మధ్య పోలీసులు వచ్చి తీసుకుపోవచ్చు. అందుకే మధ్యంతర రక్షణ విడిగా అడగాలి.

"నేను అమాయకుణ్ని, కక్షతో ఇరికించారు" అన్న వాక్యం ప్రతి పిటిషన్‌లోనూ ఉంటుంది. జడ్జి కన్ను దాని మీద ఆగదు. ఆగేది తేదీల మీద. ఏ రోజు చేరారు, డబ్బు చేతికి వచ్చే పనా కాదా, ఆడిట్ ఏ రోజు, నోటీసుకు ఏ రోజు జవాబిచ్చారు, కంపెనీ ఫిర్యాదు చేయడానికి ఎన్నాళ్లు తీసుకుంది, రికార్డులన్నీ ఎవరి దగ్గరున్నాయి. రెండు పేజీల్లో ఇవి వరసగా ఉంటే చాలు. ఎఫ్‌ఐఆర్‌లో 316తోపాటు మోసం కింద 318(4) కూడా వేసి ఉంటే లాయరుతో ఒక మాట అనండి: ఒకే సంగతికి మోసం, నమ్మకద్రోహం రెండూ కలిసి ఉండవని 2024 ఆగస్టులో ఢిల్లీ రేస్ క్లబ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మోసానికి మొదటినుంచీ దురుద్దేశం కావాలి. నమ్మకద్రోహంలో డబ్బు సక్రమంగానే చేతికొస్తుంది, బుద్ధి తర్వాత మారుతుంది. కేసులోంచి ఒక సెక్షన్ రాలిపోకపోయినా, ఫిర్యాదు తొందరపాటుతో రాశారని చూపించడానికి అది చాలు.

ప్రాసిక్యూటరు ఏమంటారో కూడా తెలుసుకుని ఉండండి. ఆర్థిక నేరాలు వేరే తరగతి, వాటిని వేరుగా చూడాలి అంటారు. దేశంలో ఏ కోర్టులోనైనా ఈ మాటకు ఉదహరించే తీర్పు మన రాష్ట్రానిదే, 2013 నాటి జగన్‌మోహన్ రెడ్డి బెయిలు కేసు. 2019 చిదంబరం తీర్పూ తీస్తారు. డబ్బు ఎక్కడికి పోయిందో తెలియాలంటే కస్టడీలోకి తీసుకుని అడగాలంటారు. 2024 అక్టోబరులో చిలకలూరిపేట ఐసీఐసీఐ బ్యాంకు శాఖలో ఖాతాదారుల డిపాజిట్లు, బంగారం గల్లంతైన వ్యవహారం బయటపడి సీఐడీ దాకా పోయినట్టు, గొలుసు పెద్దదైతే ఆ వాదన నెగ్గుతుంది. కలెక్షన్ షీట్లన్నీ కంపెనీ చేతిలోనే ఉన్న నాలుగు లక్షల తేడాకు కస్టడీ దేనికన్నది మీ జవాబు. ఆ జవాబు నిలవాలంటే బ్యాంకు ఖాతా స్టేట్‌మెంటు పిలవకముందే మీరే ఇవ్వాలి.

ఇంతకు ముందు ఒక దారి ఉండేది. ఇన్ని లక్షలు డిపాజిట్ చేస్తాం, బెయిలివ్వండి అని లాయర్లే ముందుకొచ్చి చెప్పేవాళ్లు. ఆ దారి మూసుకుపోయింది. మహారాష్ట్రలో ఇలాంటి ఒక సొమ్ము కేసులో నిందితుడు పాతిక లక్షలు కడతానని హామీ ఇచ్చి బెయిలు మీద వచ్చాడు, కట్టలేదు. 2025 జూలై 28న ఆ కేసులో, గజానన్ దత్తాత్రేయ గోరే కేసులో, సుప్రీంకోర్టు విసిగిపోయి అతనికి ఖర్చుల కింద 50 వేలు వేయడమే కాక, ఇకపై ఏ ట్రయల్ కోర్టూ ఏ హైకోర్టూ ఇలాంటి హామీల మీద మామూలు బెయిలు గానీ ముందస్తు బెయిలు గానీ ఇవ్వొద్దని ఆదేశించింది. నాకిది నచ్చింది. డబ్బున్నవాడికో బెయిలు, లేనివాడికో జైలు అన్న పద్ధతికి కొంతైనా అడ్డం పడింది. కాబట్టి విచారణకు ముందు హడావుడిగా ఎకరం పొలం తెగనమ్మకండి. రాజీ కోసం కట్టాల్సి వస్తే, అది బెయిలుతో ముడిపడని వేరే పని.

ఒక్కోసారి మీరు అడిగింది బెయిలు, వచ్చేది వేరే ఉత్తర్వు. ఏడేళ్ల దాకా శిక్షలున్న కేసుల్లో మన హైకోర్టు చాలాసార్లు, నోటీసు విధానాన్ని తప్పక పాటించమని పోలీసులను ఆదేశించి పిటిషన్ ముగించేస్తుంది. బెయిలు రాలేదని ఇంట్లోవాళ్లు ఏడుస్తారు. నిజానికి నాలుగో నంబరు కేసులో మీకు కావాల్సింది చేతికొచ్చినట్టే, హాజరు తప్పకపోతే.

ఉత్తర్వు చేతికొచ్చాక

ఇద్దరు జామీనుదార్లు కావాలంటే ముందే మాట్లాడి పెట్టుకోండి. ఇంటి పన్ను రసీదు, పొలం పాసుపుస్తకం ఉన్నవాళ్లు, పిలిస్తే వచ్చేవాళ్లు. వారానికోసారి స్టేషన్లో సంతకం పెట్టమంటే పెట్టండి, పెట్టిన ప్రతిసారీ తేదీ, టైము డైరీలో రాసుకోండి. గ్రూపు మహిళలను కలిసి "నాకిచ్చామని చెప్పొద్దక్కా" అని బతిమాలడం సాక్షులను ప్రభావితం చేయడం కిందికే వస్తుంది. బెయిలు రద్దయ్యేది ఎక్కువగా ఇలాంటి చోటే. చార్జిషీటు పడ్డాక మళ్లీ బెయిలు తెచ్చుకోవాలా అని భయపడనక్కర్లేదు. కోర్టు ప్రత్యేకంగా గడువు పెట్టకపోతే ముందస్తు బెయిలు విచారణ ముగిసేదాకా సాగవచ్చని 2020లో సుశీలా అగర్వాల్ కేసులో ఐదుగురు జడ్జీల తీర్పు. అయితే దర్యాప్తులో నాలుగును ఐదుగా మారిస్తే ఊరుకోవద్దు, ఆ కొత్త సెక్షన్‌కు విడిగా రక్షణ అడగాలి. నెలకోసారైనా ఈ-కోర్ట్స్‌లో కేసు స్థితి చూస్తుండాలనేది అందుకే.

నిజంగానే కొంత డబ్బు వాడుకున్నవాళ్లు కూడా ఈ అధ్యాయం చదువుతుంటారు. మీకూ బెయిలు అడిగే హక్కుంది, మీకు వ్యతిరేకంగా మీరే సాక్ష్యం చెప్పనక్కర్లేని హక్కూ ఉంది. లాయరుతో మాత్రం పూర్తిగా నిజం చెప్పండి, ఎంత, ఎప్పుడు, దేనికి అన్నది. పిటిషన్‌లో అబద్ధం రాయించకండి. కంపెనీ సొమ్ము మీ చేతికొచ్చిందని రుజువయ్యాక లెక్క చెప్పలేకపోతే, దురుద్దేశాన్ని కోర్టు ఊహించవచ్చని 1960 నుంచీ సుప్రీంకోర్టు మాట. చెప్పగలిగినంత లెక్క చెప్పి, మిగిలినదాన్ని రాజీలో తేల్చుకోవడమే నాలుగో నంబరులో తెలివైన దారి.

ఫీజు కోసం ఇంట్లో బంగారం తాకట్టు పెట్టేముందు 15100కు ఫోన్ చేయండి. అది న్యాయ సేవల సంస్థ నంబరు. మహిళలకూ, ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో పనిలేకుండా, మిగతావాళ్లకు ఆదాయ పరిమితిని బట్టి ప్రభుత్వమే లాయరును పెడుతుంది. ఆ ఫోను ఎఫ్‌ఐఆర్ దాకా ఆగి చేయనక్కర్లేదు, ఆడిట్ వాళ్లొచ్చిన సాయంత్రమే చేయొచ్చు.